లోకం అంతమయ్యాక గొర్లు కాసేదెవరు

ఆ అమ్మాయి పుస్తకం చదువుతూ తనలో తను నవ్వుకుంటోంది. పొద్దున తాండూరు నుంచి వికారాబాదు పోయే ప్యాసింజర్ రైలు. ఇద్దరం ఒకే డిగ్రీ కాలేజీలో పది రోజుల ముందు చేరాం. ఒకే తరగతి, అయినా అంతవరకూ మాట్లాడుకోలేదు. పుస్తకానికి అట్ట లేదు. పేజీ మీద పేరేమైనా ఉందేమోనని నేను మెడ సాచితే, ఆమె పుస్తకాన్ని నా వైపు తిప్పి పట్టుకుంది.

"అంత నవ్వేతందుకు ఏమున్నది అండ్ల?" అన్నాను.

"లోకమంత సచ్చిపోయింది," అంది. "గందుకు."

అది ఏ దేశపు కథో తెలియదు, ఎవరో చాలా కాలం కిందట తెలుగులోకి తెచ్చారు. ఏదో జ్వరం వచ్చి మనుషులందరూ పోయారు. మిగిలినవాళ్ళలో ఒక నర్సు, ఇద్దరు ముసలివాళ్ళు రైలు పట్టాల వెంట నడుస్తున్నారు. ఇందులో నవ్వడానికేముందని మళ్ళీ అడిగాను.

"వారం సంది ఆకలి ఆకలని ఏడ్చుకుంట నడుస్తున్నరు. సుట్టుముట్టు మోకాలెత్తు గడ్డి ఉన్నదని వీడే రాసిండు. మనుషులు సస్తె గొర్లు ఎటువొయినయి? అవి సావలేదు గద. ఒక్క గొర్రెనన్న పట్టుకుందామన్న సోయి లేదు వీళ్ళకు. డబ్బల తిండి కోసం ఎతుక్కుంట తిరుగుతున్నరు."

వాళ్ళది దౌల్తాబాద్ వైపు ఒక చిన్న ఊరు. తాతల నాటి నుంచి గొర్రెల మంద ఉన్న కురుమల ఇల్లు. చదువు కోసం తాండూరులో చిన్నమ్మ ఇంట్లో ఉంటోంది. ఆ చిన్నమ్మ భర్త, అంటే వాళ్ళ నాయన తమ్ముడు, బండలకు పాలిష్ పట్టే చోట పని చేసేవాడు. మాది తాండూరు బజారులో కిరాణా దుకాణం. నాకు గొర్రెల సంగతి తెలియదు గానీ, సరుకుల సంగతి తెలుసు. ఎండబెట్టిన కందిపప్పు ఎన్నాళ్ళు ఉంటుందో, అన్నిటికన్నా ముందు పురుగు పట్టేది రవ్వకేనని, ఉప్పు డబ్బా మూత బిగించకపోతే ఏమవుతుందో చెప్పాను. ఆమె పుస్తకం మూసి శ్రద్ధగా వింది. రైలు ధారూరు దాటింది.

"అయితె నువ్వు గూడ బతుకుతవ్," అని తీర్పు చెప్పింది. అదే మా స్నేహానికి మొదలు.

ఆ తర్వాత రెండేళ్ళు మేము లోకం అంతమయ్యే కథల వెంట పడ్డాం. ఎందుకంటే ఇప్పటికీ సరిగ్గా చెప్పలేను. మా ఇంట్లో నేను దుకాణం గల్లా దగ్గర తప్ప ఒంటరిగా ఎక్కడా కూర్చోవడానికి లేదు. ఆమె చిన్నమ్మ ఇంట్లో ఒకే గదిలో ఆరుగురు పడుకునేవారు. మనుషులు లేని ఊళ్ళ గురించి చదవడం మాకు ఊపిరి తీసుకున్నట్టు ఉండేది కాబోలు. వికారాబాదు స్టేషను బయట పాత పుస్తకాలు పరిచి అమ్మే ముసలాయన ఉండేవాడు. మమ్మల్ని చూడగానే, "మీ ప్రళయాలు ఈవారం రాలేదమ్మా," అనేవాడు. లైబ్రరీలో పాత వారపత్రికల కట్టల్లో ఒక సీరియల్ దొరికింది. మధ్యలో నాలుగు వారాల సంచికలు లేవు. ఆ నాలుగు వారాల కథ ఏమై ఉంటుందో రైలులో మేమే కల్పించుకున్నాం. తర్వాత ఎక్కడో ఆ సంచికలు దొరికితే చదివి నిరాశపడ్డాం. మాదే బాగుంది.

ఒకరోజు క్లాసు ఎగ్గొట్టి తాండూరులో మ్యాట్నీకి పోయాం. తెలుగులోకి డబ్బింగ్ చేసిన పరాయి దేశపు సినిమా. సముద్రాలు ఎండిపోయిన లోకంలో ఒక కుటుంబం పడవకు చక్రాలు కట్టి నేల మీద లాక్కుపోతుంది. హాలులో మాతో కలిపి ఇరవై మంది కూడా లేరు. నాకు కళ్ళనీళ్ళు వచ్చాయి. ఆమె మాత్రం కుర్చీలో ముందుకు వంగి, తెర మీది తండ్రికి సలహాలు చెబుతూనే ఉంది. "గా ఇసుకల తవ్వు నాయనా. గాడ పచ్చగ చెట్టు కనవడ్తలేదా? దాని కింద తవ్వు." ముందు వరుసలో ఉన్నాయన వెనక్కి తిరిగి చూశాడు. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది గానీ, ఒక్క నిమిషమే.

మా తమ్ముడి దగ్గర కంప్యూటర్ ఆట ఒకటి ఉండేది. ఊరంతా పిచ్చెత్తిన మనుషులు, మనం తుపాకీతో కాల్చుకుంటూ బయటపడాలి. ఒక ఆదివారం ఆమె మా ఇంటికి వచ్చినప్పుడు వాడు చూపించాడు. ఆమె మౌసు పట్టుకోవడం నేర్చుకుని, ఎవర్నీ కాల్చకుండా ఊరి చివరి కొట్టంలోకి పోయి తలుపు వేసుకుంది.

"అక్కా, గట్ల ఉంటె పాయింట్లు రావు," అన్నాడు తమ్ముడు.

"రాకపోతె పాయె. గీడ బాయి ఉన్నదా? నీళ్ళు తోడేది సూపెట్టు."

"బాయి లేదు. గీ ఆటల నీళ్ళు తాగరు."

"నీళ్ళు తాగకుంట ఎట్ల బతుకుతరు?" అని ఆమె నిజంగానే ఆశ్చర్యపోయింది. ఆటలోని మనిషిని ఆ కొట్టంలో అట్లాగే నిలబెట్టి లేచి వచ్చేసింది. తమ్ముడు సాయంత్రం దాకా అందరికీ చెప్పి నవ్వాడు. నాకు మాత్రం ఆ మూసిన కొట్టంలో ఎవరో క్షేమంగా ఉన్నట్టే అనిపించింది.

డిగ్రీ రెండో ఏడు, వానలు వెనకపట్టాక, వాళ్ళ ఊరు తీసుకుపోయింది. కొడంగల్ దాకా ఒక బస్సు, అక్కడ నుంచి ఇంకో బస్సు, ఆపైన నడక. ఆ బస్సులో సగం మంది తెలుగు, సగం మంది కన్నడం మాట్లాడుకుంటున్నారు. ఇంటి ముందు వాళ్ళ అవ్వ గొంగడి మీద కూర్చుని ఉన్ని చిక్కు తీస్తోంది. మనవరాలు నన్ను చూపించి, "అవ్వా, గీ పిల్లకు లోకం పాడువడ్డ కథలంటె పానం. గత్తర కథ సెప్పు," అంది.

గత్తర అంటే కలరా. అవ్వ చిన్నప్పుడు ఊరికి గత్తర వచ్చింది. బతికినవాళ్ళు ఇళ్ళు వదిలి చేలల్లో గుడిసెలు వేసుకున్నారు. అవ్వ పెద్దమ్మ మాత్రం కదల్లేదు. ఆమె ఇంట్లో అందరూ పోయారు, మంద ఒకటి మిగిలింది. నెల దాటి ఆమె ఒక్కతే ఆ ఊళ్ళో గొర్రెలతో ఉండిపోయింది. జబ్బు తగ్గి జనం వెనక్కి వచ్చి చూస్తే, ఏ ఇంటి వాకిలి చూసినా ఊడ్చి, పేడనీళ్ళ సాన్పి చల్లి ఉంది. తాళం వేసిన ఇళ్ళ ముందు కూడా. మనిషన్నవాడే మిగలని ఇళ్ళ ముందు కూడా.

"ఎందుకట్ల ఊడ్చింది అవ్వా?" అన్నాను.

"ఊరు పాడువడ్డట్టు కనవడొద్దని అన్నదట అందరికి. నాతోని మాత్రం ఇంకో తీరు సెప్పింది," అంది అవ్వ. ఉన్ని పోగు పళ్ళతో తెంపి, "తోచలేదన్నది బిడ్డ. ఒక్కతె ఉంటె మనిషికి ఏం తోస్తది? ఎవలో ఒకలు వస్తరని పని జేసుకుంట ఉండాలె."

తిరుగు బస్సు ఎక్కి కూర్చున్నాం. తర్వాత ఆమె, "మనం రాద్దామే. మన దిక్కు కథ," అంది.

నా దగ్గర ఒక లాంగ్ నోటుబుక్కు ఉండేది. ఆమె చెప్పేది, నేను రాసేదాన్ని. రైలు కుదుపులకు అక్షరాలు కొండలెక్కి దిగేవి. నాపరాతి గనుల దేశంలో అందరూ పోయాక ఒక పిల్ల మిగులుతుంది, నలభై గొర్రెలు మిగులుతాయి. ఆ పిల్ల ఊరూరా నడుస్తుంది. ఊరు చేరగానే మొదట చేసే పని, ఆ ఊళ్ళో ఒక వాకిలి ఊడవడం. ఎండిన వాగులో ఇసుక తోడి చెలిమె తీస్తే నీళ్ళు ఊరతాయి. నీళ్ళుండే చోటును గొర్రెలు ముందే వాసన పడతాయి. కుక్కలు ఎప్పుడు తోడేళ్ళవుతాయో, ఏ ఆకు తింటే గొర్రె పొట్ట ఉబ్బుతుందో, అన్నీ ఆమె చెప్పినవే. నేను చేసిందల్లా వాక్యాలు సరిచేయడం. ఆ పిల్ల రెండో ఊరు దాటేవరకు రాశాం.

ఆ ఎండాకాలం వాళ్ళ నాయన కాలు విరిగింది. అన్న అప్పటికే హైదరాబాదులో పనికి కుదిరాడు. మంద వెంట పోవడానికి మనిషి లేడు. "ఒక్క రెండు నెలలు," అని చెప్పి ఆమె ఊరికి పోయింది. రెండు నెలలు ఆరు నెలలయ్యాయి. తర్వాత కర్ణాటక సరిహద్దు అవతల, మందలున్న ఇంటికే ఇచ్చి పెళ్ళి చేశారు. ఆ సంగతి చిన్నమ్మ చెప్పింది. పెళ్ళికి నేను పోలేదు. ఆ రోజు నాకు పరీక్ష ఉంది. ఆ పరీక్ష పేరు కూడా ఇప్పుడు గుర్తు లేదు.

మూడో ఏడు రైలులో నేను ఒక్కదాన్నే. కిటికీ పక్క చోటు ఖాళీగా ఉన్నా కూర్చునేదాన్ని కాదు. ఆ రోజుల్లోనే రేడియోలో కథల పోటీ పెట్టారని తెలిసింది. నోటుబుక్కులోని కథను తెల్లకాగితాల మీద శుభ్రంగా ఎత్తి రాశాను. పంపే కాగితంలో 'రచయిత పేరు' అని ఒకే గీత ఉంది. ఒక గీత మీద రెండు పేర్లు పట్టవని నాకు నేను చెప్పుకున్నాను. పట్టేవి.

కథకు బహుమతి రాలేదు గానీ ఒక మధ్యాహ్నం రేడియోలో చదివారు. చదివినామె గొంతు మెత్తగా, తీయగా ఉంది. మా నాన్న దుకాణం ముందు రేడియో పెట్టి, వచ్చిన గిరాకీనల్లా ఆపి వినిపించాడు. మర్నాడు కాలేజీలో మా తెలుగు మాస్టారు పిలిచి, "ఆ వాకిళ్ళు ఊడ్చే ఘట్టం ఎలా తట్టిందమ్మా నీకు?" అని అడిగారు.

"ఊరికే తట్టింది సార్," అన్నాను.

నా బతుకులో నేను ఆడిన అబద్ధాలన్నిట్లో అదే చిన్నది. అదే ఎక్కువ రోజులు నిలిచింది. ఆ తర్వాత నేను కథ రాయలేదు. రాద్దామని కూర్చున్నప్పుడల్లా మొదటి వాక్యం ఆమె గొంతులో వినిపించేది. రెండోది వచ్చేది కాదు.

డిగ్రీ అయింది, బీఈడీ అయింది. వికారాబాదులోనే ఒక బడిలో తెలుగు చెప్పే ఉద్యోగం, అక్కడే కిరాణా దుకాణం ఉన్న ఇంటికి పెళ్ళి. మా ఆయనకు లోకం అంతమయ్యే కథలు గిట్టవు. "ఉన్న లోకానికే సరుకు సరిపోతలేదు," అంటాడు. మంచివాడు. నేను ఒక్కదాన్నే సినిమాలు చూసేదాన్ని. భూమి గడ్డకట్టిన సినిమా, ఆకాశం నుంచి బూడిద రాలే సినిమా. ఎవరైనా తెర మీద నీళ్ళ కోసం వెతుకుతుంటే నా పక్కన ఎవరో ముందుకు వంగి 'గాడ తవ్వు' అనాలని చెవులు ఎదురుచూసేవి.

అప్పుడు లాక్‌డౌన్ వచ్చింది.

బడి మూశారు. దుకాణంలో పనిచేసే మనిషి ఊరికి వెళ్ళిపోయాడు, అందుకని పొద్దున పూట నేను గల్లా దగ్గర కూర్చునేదాన్ని. దుకాణం ముందు ముగ్గుపిండితో గుండ్రాలు గీశాం, ఒక్కో గుండ్రంలో ఒక్కరు నిలబడాలి. రోడ్డు మీద ఏ చప్పుడూ లేదు. ఎన్నో పుస్తకాల్లో చదివిన ఖాళీ ఊరు ఇదే అనుకునేదాన్ని. కానీ పుస్తకంలో ఉన్న ఆనందం ఇందులో లేదు. అనంతగిరి గుట్ట మీది నెమళ్ళు కూయడం బజారు దాకా వినిపిస్తుంటే భయమేసేది.

ఒకరోజు మూడో గుండ్రంలో నుంచి ఒకామె, "ఉప్పు, అగ్గిపెట్టెలు, బెల్లం, చాపత్త," అంది. తలకు తువ్వాలు చుట్టి, దాని కొసతోనే మూతి కట్టుకుంది. భుజం మీద గొంగడి. నేను బెల్లం దిమ్మ మీద చెయ్యి వేసి అలాగే ఆగిపోయాను.

"నువ్వేనా?" అన్నాను.

ఆమె తువ్వాలు కిందికి లాగింది. ఎండకు మాడిన ముఖం, కళ్ళ పక్కన గీతలు. "నేనే. నీదా గీ దుకాణం? నాకు తెల్వదే!"

"లోపలికి రా."

"వద్దు. గీండ్లనే నిలవడాలె అని నువ్వే గీసినవ్ గద," అని నవ్వింది. వెనక గుండ్రాల్లో ఇద్దరు ఎదురుచూస్తున్నారు. ఆమె ముందు గుండ్రంలోకి వచ్చింది. మా మధ్య బియ్యం బస్తాలు, రెండు బారల దూరం.

"మంద గుట్ట కింద ఆపినం," అంది. "ఊర్లల్లకు రానిస్తలేరు. తోవలకు అడ్డం ముండ్లకంపలు కొట్టిన్రు. మా ఆయిన, మరిది గొర్ల కాడ ఉన్నరు. సరుకుకు నేను వచ్చిన."

"భయం గాలేదా నీకు?"

"ఏం భయం? బస్సు లేదు, లారి లేదు. గొర్లు డాంబర్ రోడ్డు నడిమిట్ల పండుకున్నయి. మనం సూసిన సినిమా లెక్కనే ఉండె. నీకు సెప్పాలె అనిపించిందే. గని నువ్వు ఏడున్నవో ఎరుక లేకపాయె." కాస్త ఆగి గొంతు తగ్గించింది. "జర సంబురం గూడ అయింది. పాపం తాకుతదేమో."

నేను సరుకు పొట్లాలు కడుతున్నాను. వెనక ఉన్నాయన, "అమ్మా, జర జల్ది," అన్నాడు. అప్పుడామె మామూలుగా, వాన సంగతి చెప్పినట్టు చెప్పింది.

"రేడియోల విన్న."

నేను అగ్గిపెట్టెలు రెండోసారి లెక్కపెట్టాను.

"మంద కాడ ఉన్నప్పుడు విన్న. మా ఆయిన రేడియో సెట్టు నడుముకు కట్టుకోని తిరుగుతుండె అప్పుడు. అంత మంచిగనే రాసినవ్. ఒక్కటి తప్పు రాసినవ్."

"ఏంది?" అన్నాను.

"చెలిమె తీసినంక గా పిల్ల దబ్బున తాగినట్టు రాసినవ్. గట్ల తాగరు. ముందుగల ఊరిన నీళ్ళు తోడి పారబోయాలె. అవి బురద. మల్ల ఊరేదాక ఆగాలె, అప్పుడు తాగాలె. నేను సెప్పిన నీకు. నువ్వు రాసుకోలే."

క్షమించు అనే మాట తెలుగులో ఎంత పరాయిగా ఉంటుందో నాకు అప్పుడే తెలిసింది. మా మధ్య ఎప్పుడూ వాడని మాట అది. బెల్లం కట్టిన కాగితం మీద నా ఫోన్ నంబరు రాసి పొట్లం ముందుకు జరిపాను. ఆమె అంకెలు చూసి, "నా బిడ్డ దగ్గర వాట్సాప్ ఫోన్ ఉన్నది. హాస్టల్ మూసిన్రని ఇంటికొచ్చింది, మాతోనే ఉన్నది మంద కాడ," అంది. తువ్వాలు మళ్ళీ మూతికి కట్టుకుని వెళ్ళిపోయింది. మా ఆయన లోపల్నుంచి వచ్చి ఎవరని అడిగాడు. తర్వాత చెబుతానని వెనక ఉన్నాయన సరుకు తూచాను.

వారం తర్వాత కొత్త నంబరు నుంచి గొంతు మెసేజ్ వచ్చింది. మొదట గొర్రెల మెడగంటలు, ఒక కుక్క మొరుగు, తర్వాత ఒక ఆడపిల్ల గొంతు: "అమ్మా, మాట్లాడు, ఇగ మాట్లాడు." ఆపైన ఆమె.

"ఇనవడుతున్నదా? రాసుకో. గా పిల్ల మూడో ఊరికి పొయింది. గా ఊర్ల బండల గని ఉన్నది, గని నిండ నీళ్ళున్నయి. అయినా గొర్లు తాగుతలేవు. ఎందుకో ఆలోచన జెయ్యి."

నేను మంచం మీద కూర్చుని అదే మెసేజ్‌ను ఎన్నిసార్లు విన్నానో. ఎందుకు తాగడం లేదో నాకు తోచలేదు. జవాబుగా, నేను ఇన్నేళ్ళు దాచుకున్నది మాటల్లో పెట్టి పంపాను. కథ మీద నా పేరొక్కటే పెట్టానని, మాస్టారుతో అబద్ధం చెప్పానని, రేడియో వాళ్ళకు ఇప్పుడు ఉత్తరం రాస్తానని.

మర్నాడు జవాబు వచ్చింది. "రేడియోల్లకెందుకే? వాళ్ళకు నేనెవరు, నువ్వెవరు? మా చిన్నమ్మకు సెప్పు. నువ్వు శాన తెలివిగల్లదానివని అందరికి సెప్పుకుంట తిరుగుతది."

దారులు తెరిచాక తాండూరు పోయి చిన్నమ్మను కలిశాను. ముసలిదైంది, పాలిష్ దుమ్ముకు భర్త ఊపిరితిత్తులు చెడి ఇంట్లోనే ఉంటున్నాడు. ఆయన మంచం పక్కనే నేల మీద కూర్చుని చెప్పాను. చిన్నమ్మ చాయ్ గ్లాసు నా చేతికిచ్చి, "నాకు ఎరుకే," అంది. "మా పిల్ల మాటలు నాకు తెల్వయా? సాన్పి సల్లింది మా అత్తమ్మ పెద్దమ్మ. నీకు ఎవరు సెప్తరు గది? నువ్వు ఎప్పుడన్న వచ్చి సెప్తవని సూసిన." తిట్టలేదు. తిట్టి ఉంటే రైలు ఎక్కడం తేలికయ్యేది.

మెసేజ్‌లు ఆ వానాకాలం అంతా వచ్చాయి. కొన్ని అర నిమిషమే, గాలి హోరు తప్ప ఏమీ వినిపించనివి. గొర్రెలు గని నీళ్ళు ఎందుకు తాగలేదో ఆమె చెప్పనేలేదు. అడిగితే, "నువ్వు సెప్పు," అనేది. ఆ పిల్ల ఐదో ఊరు చేరింది. ఆ ఊళ్ళో ఒక ఇంటి వాకిలి అప్పటికే ఊడ్చి ఉంది. తను ఊడవలేదు. అంటే ఇంకెవరో ఉన్నారు. అక్కడ ఆపింది ఆమె. "రేపు సెప్త," అంది.

ఆ రేపు రాలేదు. హాస్టళ్ళు తెరిచారు, కూతురు ఫోనుతో సహా బడికి వెళ్ళిపోయింది. ఒకసారి ఆ పిల్లే ఫోన్ చేసి, "అమ్మ మంచిగనే ఉన్నది ఆంటీ, గొర్ల ఎంబడి పొయింది. మా బాపు ఫోను బటన్ల ఫోను, సిగ్నల్ ఉండదు," అంది. తర్వాత ఆ నంబరూ మారిపోయింది. నేను ఆ మెసేజ్‌లను అక్షరం మార్చకుండా, ఆమె మాటల్లోనే నోటుబుక్కులోకి ఎక్కించాను. పైన రెండు పేర్లు రాశాను. ముందు ఆమెది.

ఇప్పుడు లోకాంతం కథలు ఫోనులోకే వచ్చేశాయి. నా ఎనిమిదో తరగతి పిల్లలు సైతం ఏదో ఒక సిరీస్ గురించి మాట్లాడుకుంటారు. భూమి కింద సొరంగాల్లో తరతరాలు బతికే మనుషుల కథ ఒకటి ఈమధ్య నేనూ చూశాను. చాలా బాగా తీశారు. పది భాగాల్లోనూ ఒక్క జంతువు కనిపించలేదు. ఈ సంగతి చెప్పడానికి నాకు ఈ భూమి మీద ఒక్కరే ఉన్నారు.

ఈ ఏడు కందులు కోశాక, కుల్కచర్ల చుట్టుపక్కల చేలల్లో కర్ణాటక సరిహద్దు నుంచి మందలు దిగాయని బడిలో ఒక పిల్లవాడి తండ్రి చెప్పాడు. పంట తీసిన చేలల్లో గొర్రెలను పడుకోబెడితే ఎరువవుతుందని రైతులు పిలిపించుకుంటారు. ఆదివారం పొద్దున్నే బయల్దేరాను. పరిగిలో బస్సు మారి, కుల్కచర్లలో దిగి, ఆటో పట్టుకుని అడుగుతూ అడుగుతూ పోయాను. రెండు చోట్ల మందలు ఉన్నాయి గానీ వాళ్ళు కాదు. మూడో చోట చేను ఖాళీగా ఉంది. నేలంతా గొర్రెల పెంట, డెక్కల గుర్తులు. ఒకామె ఒంటరిగా కంది కట్టె ఏరి మోపు కడుతోంది. గొర్ల వాళ్ళేరని అడిగాను.

"నిన్న పొద్దుగాలనే లేపిండ్రమ్మా. ఎవరు గావాలె?"

ఆమె పేరు చెప్పాను. ఎట్లా ఉంటుందో చెప్పాను.

"గా కథలామెనా!" అని మోపు కిందపడేసింది. "మా పిల్లలు బడికెల్లి రాంగనే గామె దగ్గరికే ఉరుకుతుండ్రి. నేను గూడ కూసుంటుంటి పనివడగొట్టుకోని. నీకేమైతది గామె?"

"కలిసి చదువుకున్నం," అన్నాను. తర్వాత అడిగాను, "ఏం కథ చెప్పింది?"

"ఒక పిల్ల, గొర్లు. ఎవ్వరు లేరు లోకంల. ఊరూరు తిరుగుతది."

"ఐదో ఊరిల వాకిలి ఊడ్చి ఉన్నది," అన్నాను.

"ఆఁ, గదే! నీకెట్ల తెలుసు?"

"ఊడ్చింది ఎవరు?"

ఆమె చేతుల దుమ్ము దులుపుకుని గట్టు మీద కూర్చుంది, నన్నూ కూర్చోమంది. సీసాలో నీళ్ళిచ్చింది. తర్వాత తనకు వచ్చినట్టు చెప్పింది. ఊళ్ళ పేర్లు కలిపేసింది, మధ్యలో తన పెద్దకొడుకు జ్వరం సంగతి వచ్చింది, ఒకసారి వెనక్కి పోయి మళ్ళీ మొదలుపెట్టింది. ఊడ్చింది ఒక ముసలామె అట. కళ్ళు కనిపించవు. ఊరంతా పోయిన సంగతి ఆమెకు తెలియదట. ఊరు నిశ్శబ్దమైందని మాత్రం తెలుసు. అందరూ తన మీద అలిగారనుకుని రోజూ అందరి వాకిళ్ళూ ఊడుస్తోందట. ఆ పిల్ల అడుగుల చప్పుడు విని, "ఇన్ని రోజులకు మాట్లాడబుద్దయిందా?" అని అడిగిందట.

"పిల్ల ఏమన్నది?" అన్నాను.

"గది సెప్పకముందే మంద లేపిండ్రు," అంది ఆమె. "ఎటు పొయిన్రో తెల్వదమ్మా. ఒకడు దోమ ఊరి దిక్కన్నడు, ఒకడు గండీడు దిక్కన్నడు."

దూరంగా ఆటోవాడు హారన్ కొట్టాడు, బస్సు వేళ అవుతోంది. ఆమెను ఆ ముసలామె మాటలు మళ్ళీ ఒకసారి చెప్పమన్నాను. నిదానంగా, తను విన్నది విన్నట్టు. ఆమె చెప్పింది. నేను సంచిలోంచి నోటుబుక్కు తీసి రాసుకున్నాను.